పుస్తకానికి ఊ కొట్టిన వేసవి

ఆ రోజుల్లో మా ఊళ్ళో తెలుగు మాట్లాడేవాళ్ళకు కొదవ లేదు, తెలుగు చదవగలిగినవాణ్ణి మాత్రం నేనొక్కణ్ణే. ఇదేదో నా ఘనత అనుకునేరు, కాదు. రాష్ట్రం సరిహద్దుకు అవతల, పామేడు వైపు అడవిలో ఉన్న మా ఊరికి ఇంట్లో తెలుగు, వాగు అవతల గోండీ, దోర్లీ, బడిలోనూ దఫ్తరులోనూ హిందీ. పిల్లలందరూ హిందీ అక్షరాలు దిద్దేవాళ్ళు. నన్ను మాత్రం చిన్నప్పుడు నాలుగేళ్ళు చర్ల దగ్గర అమ్మమ్మ ఇంట్లో ఉంచారు (అల్లరి పడలేక పంపించామని మా నాన్న, నేనే ఏడ్చి వెళ్ళానని మా అమ్మ, నా సంగతి నాకు తెలుసు కాబట్టి నాన్న మాటే నమ్ముతాను). అక్కడి బడిలో తెలుగు అబ్బింది. తిరిగొచ్చి ఇక్కడి హిందీ బడిలో ఏడో తరగతి దాకా ఎలాగో నెట్టుకొచ్చాను. ఒకనాడు గురూజీ నడక ఎలా ఉంటుందో తరగతికి నడిచి చూపిస్తుంటే అందరూ నవ్వడం ఆపేశారు, వెనక్కి తిరిగి చూస్తే గురూజీ ఉన్నాడు. ఆయన పొమ్మనేలోపే నేనే నా సంచీ తీసుకుని, మామూలు నడక నడుచుకుంటూ ఇంటికొచ్చేశాను. ఇప్పుడు సుక్మాలో మోటారు సైకిళ్ళకు పంచర్లు వేస్తూ, ఎండ వేళ టైర్ల నీడన కూర్చుని ఏదో ఒకటి చదువుకుంటున్నానంటే, దానికి కారణం గురూజీ కాదు, ఒక మిరపకాయ బజ్జీలాయన.

నాకు పందొమ్మిదేళ్ళప్పటి మాట. చర్ల సంతలో బజ్జీలు కొన్నాను. చుట్టి ఇచ్చిన కాగితం మీద కథ ఉంది. సముద్రం ఒడ్డున ఒక పెద్ద ఇల్లు, అందులో విశాలాక్షి అనే ఆవిడ, మెట్ల మీద ఎవరో ఎక్కుతున్న చప్పుడు, ఆవిడ లేచి నిలబడి… అక్కడ నూనె. తర్వాతి పేజీ ఏదని అడిగితే, ఇంకో ప్లేటు కొంటే వస్తుందన్నాడు. కొన్నాను. కానీ ఆయన ఒకసారి ముందు నుంచి, ఒకసారి వెనక నుంచి చింపుతున్నాడు. ఎందుకట్లా అంటే, ఒకే వైపు నుంచి చింపితే అట్ట ఊడిపోతుందన్నాడు (అట్ట అప్పటికే లేదు). మూడో ప్లేటుకు కడుపు మొరాయించింది. ఇంక లాభం లేదని మిగిలిన పుస్తకమే అడిగి కొనుక్కున్నాను. పేరు లేదు, రాసినవాళ్ళెవరో తెలియదు, మొదలు లేదు, చివర లేదు. నా జీవితంలో నాదంటూ ఉన్న మొదటి పుస్తకం అది.

నాది అన్న మాట మీరు తేలిగ్గా తీసుకోకూడదు. మా ఇంట్లో బడి పుస్తకం నాది కాదు, నా తర్వాతివాడిది. వాడికి ఒక్క గీత కూడా లేకుండా అప్పగించాలి. కాలు తగిలితే కళ్ళకద్దుకోవాలి. అలాంటిది, ఎవరికీ అప్పగించక్కర్లేని పుస్తకం చేతిలో పెట్టుకుని ఒక మధ్యాహ్నం ఒంటరిగా చదవడం మొదలుపెట్టానా, పది పేజీలకే ఏదో తప్పు చేస్తున్నట్టు అనిపించింది. తర్వాత తెలిసింది. ఊ లేదు. మా నాయనమ్మ కథ చెప్పేటప్పుడు ఊ కొట్టాలి. ఊ ఆగితే కథ ఆగిపోయేది. నిద్రపోతూ కూడా ఊ కొట్టడం మా ఇంట్లో అందరికీ వచ్చు. ఇక్కడ పాపం ఈ పుస్తకం ఎంతసేపటి నుంచో చెప్పుకుపోతోంది, నేనేమో గుడ్లప్పగించి చూస్తున్నాను. పుస్తకం ముందు ఊ అని పైకి అనడానికి సిగ్గేసింది. ఊరి వడ్రంగి దగ్గర బల్లపరుపుగా ఉండే లావు పెన్సిలు ఒకటి అడుక్కొచ్చి, పేజీ పక్కన ఖాళీలో “ఊ” అని రాశాను. దొంగతనం చేసినవాడిలా చుట్టూ చూశాను. ఎవరూ కొట్టలేదు. ఇంకో ఊ రాశాను.

అలా మొదలైంది. రెండు రోజులకు ఊ కాస్తా “ఆఁ?” అయింది, “అబ్బో” అయింది, “ఈ మాట మాత్రం అబద్ధం” అయింది. విశాలాక్షి కిటికీ దగ్గర నిలబడి ఏడుస్తుంటే పక్కన “ముందు అన్నం తిను తల్లీ” అని రాశాను. సముద్రం గురించి మూడు పేజీలు ఉంటే, నేను సముద్రం చూసి ఉండలేదు కాబట్టి, “వానల్లో తాలిపేరు వాగు అనుకో, అవతలి గట్టు తీసేయ్” అని రాసుకుని కళ్ళు మూసుకున్నాను. నిజంగానే అవతలి గట్టు పోయింది. అటువైపు చెట్లు, కొండ, కొండ మీద పొగ ఒక్కొక్కటే కరిగిపోయి నీళ్ళే మిగిలాయి. ఎంతసేపు అలా ఉన్నానో తెలియదు. పెన్సిలు పట్టుకుని చదివితే నిద్ర రాదంటారు కానీ నాకు నిద్ర కంటే మెత్తనిదేదో వచ్చేది. పుస్తకం సగం, నేను సగం కలిసి కంటున్న కలలాగా ఉండేది. (పెన్సిలు లావు కాబట్టి నా సగం కొంచెం ఎక్కువే.)

ఇప్పుడు మా మేనత్తల గురించి చెప్పాలి. మా నాన్నకు ఇద్దరు చెల్లెళ్ళు, ఇద్దరినీ ఊళ్ళోనే ఇచ్చారు. తాత పోతూ పోతూ ఊరి చివర ఉన్న ఇప్పచెట్టు ఆడపిల్లలదని చెప్పి పోయాడు, ఏ ఆడపిల్లదో చెప్పలేదు. మా వైపు పద్ధతి ఏమిటంటే పూత కాలంలో చెట్టు కింద ఎవరు ముందుగా ఊడిస్తే ఆ పొద్దు రాలిన పువ్వు వాళ్ళది. ఒక పొద్దున ఇద్దరూ చీపుర్లతో ఒకేసారి వచ్చారు. అంతే, ఆ తర్వాత మూడేళ్ళు మాటల్లేవు. కానీ చెట్టు వదిలితే అవతలిదానికి ఇచ్చేసినట్టే కదా. అందుకని బీడీలు చుట్టే తునికాకు రోజుల్లో పొద్దున్నే అడవిలో ఆకు కోసుకొచ్చి, మధ్యాహ్నం ఇద్దరూ అదే చెట్టు నీడన, మానుకు చెరో వైపున, వీపులు ఆనించి కూర్చుని ఏబై ఆకులకో కట్ట చొప్పున కట్టేవాళ్ళు. మధ్యలో నేను. నేను లేకపోతే వాళ్ళు పోట్లాడుకోవడానికి కూడా వీల్లేదు.

“అల్లుడా, మీ చిన్నత్త కాలు నా ఆకు మీద పడ్డది, తియ్యమను,” అనేది పెద్దత్త.

“ఆకే వచ్చి నా కాలి కింద దూరిందని చెప్పురా మీ పెద్దత్తకు,” అనేది చిన్నత్త.

ఇద్దరి మధ్య దూరం ఒక మాను. నేను చెప్పకముందే ఇద్దరికీ వినపడేది. అయినా నేను చెప్పాలి.

ఒకరోజు నా చేతిలో పుస్తకం చూసి పెద్దత్త, “ఒక్కనివే నవ్వుకుంటవేంది, పైకి చదువు. నీ వంతు ఆకు మేం కడ్తం,” అంది. ఆకు కట్టే పని తప్పుతుందంటే నేను దేన్నయినా పైకి చదువుతాను. కథేమో సరిగ్గా అక్కడే కొట్టింది: విశాలాక్షికి కామాక్షి అని ఒక చెల్లెలుంది, సముద్రపు ఒడ్డు ఇల్లు దగ్గర ఇద్దరికీ చెడింది, చెల్లెలు ఇల్లు విడిచి వెళ్ళిపోయింది. మానుకు అటు ఒక ఊ, ఇటు ఒక ఊ. పెద్దత్త విశాలాక్షి పక్షం, చిన్నత్త కామాక్షి పక్షం. ఇద్దరి ఊ ఎప్పుడూ ఒకేసారి పడేది కాదు. ఒకరు కొట్టాక ఒకరు, మూతి బిగించుకుని.

మూడో రోజున తప్పు జరిగింది. విశాలాక్షి భోజనం ముగించిందని చదివి, అదే ఊపులో, పక్కన నేను రాసుకున్న “మనకు మాత్రం నాలుగు రోజులుగా జావే” అన్నది కూడా చదివేశాను. నాలిక కరుచుకునేలోపే చిన్నత్త, “అయ్యో, అంత పెద్ద ఇంట్ల గూడ జావేనా,” అని కళ్ళొత్తుకుంది. మర్నాడు చేపల పులుసు వండి తెచ్చి, “ఆమెకైతె పెట్టలేం, నువ్వన్న తిను,” అంటూ నాకు పెట్టింది. ఆ పులుసు తింటూ నేను గ్రహించిందేమిటంటే, ఊళ్ళో తెలుగు చదివేవాడు ఒక్కడే ఉంటే అచ్చు అక్షరానికీ పెన్సిలు అక్షరానికీ తేడా ఉండదు.

ఆ తర్వాత నేను బాగా చెడిపోయాను. కామాక్షి రైలెక్కుతుంటే, “అక్కలు కోపం తగ్గించుకుంటే ముఖం కొంచెం చూడబుద్ధవుతుంది,” అని చదివాను.

“ఎవడు రాసిండు ఈ కితాబు?” అంది పెద్దత్త ఆకు కింద పెట్టి. “ముందు పేజీల పేరుంటది గద.”

“ఆ పేజీ బజ్జీలకు పోయిందత్తా.”

“పేరు దొరికితె చెప్పు. ముఖం సంగతి నేను మాట్లాడ్త.”

నవ్వులాటకేగానీ అసలు సంగతి వేరే ఉంది. ఆకు పని ముగియగానే చిన్నత్త కూతురి పెళ్ళి (నాకు వరసకు మరదలే. నా చదువు చూసి వేరే సంబంధం చూశారు). మా వాళ్ళలో పెళ్ళికూతురి పెద్దమ్మ రోకలి ముందు పడాలి, అప్పుడే పసుపు దంచడం మొదలు. చిన్నత్త పిలవదు. పిలవందే పెద్దత్త వెళ్ళదు. మరదలు నా దగ్గరికొచ్చి, “బావా, పెద్దమ్మ రాకపోతె నేను పసుపుకు కూసోను,” అని చెప్పి పోయింది. నాతో చెప్పి ఏం లాభమో ఆ అమ్మాయికే తెలియాలి. కానీ అత్తలిద్దరూ లోలోపల ఒక ఒప్పందానికి వచ్చారని నాకు తెలిసిపోయింది. ఎందుకంటే ఇద్దరూ విడివిడిగా నన్ను చాటుకు పిలిచి ఒకే మాట అడిగారు.

“ఆఖర్ల ఎవరు ముందు మాట్లాడ్తరు, అక్కనా, చెల్లెనా?” అంది పెద్దత్త.

“ఆఖర్ల ముందు మాట్లాడేదెవరు? కితాబుల అక్క మాట్లాడితె, నేను గూడ సూస్త,” అంది చిన్నత్త.

ఆఖరు నా దగ్గర లేదు. చర్ల సంతలో ఎవరి కడుపులో ఉందో. పుస్తకం ఉన్నంతవరకు చూస్తే, వాన కురుస్తూ ఉంటుంది, తలుపు ఎవరో తడతారు, “విశాలాక్షి లేచి వెళ్ళి” అన్న దగ్గర అయిపోయింది. ఆ సంగతి వాళ్ళతో చెప్పలేక, రేపు చదువుతాను, ఎల్లుండి చదువుతాను అని రెండు రోజులు జరిపాను. చివరికి కల్లం మీద ఆకు కొనే కల్లేదారును బతిమాలి నాలుగు తెల్లకాగితాలు తెచ్చుకున్నాను. గోనె సంచులు కుట్టే దబ్బనంతో, సుతిలీ తాడుతో వాటిని పుస్తకం చివర కుట్టేశాను. పుస్తకానికి తోక మొలిచినట్టుంది. అప్పటిదాకా పక్కన కూర్చుని ఊ కొట్టినవాణ్ణి, ఇప్పుడు నేనే చెప్పాలి. ఎంత తేడానో అప్పుడు తెలిసింది. “తలుపు తీసింది. ఎదురుగా కామాక్షి, వానలో తడిసి” అని రాశాను. బాగానే ఉంది. ఎవరు మాట్లాడాలి? అక్క మాట్లాడితే పెద్దత్త ఊరుకోదు, చెల్లెలు మాట్లాడితే చిన్నత్త బతకనివ్వదు. “ఇద్దరూ” అని రాసి పెన్సిలు ఆపాను. చెట్టు మీద కొత్త ఆకు ఎర్రగా మెరుస్తోంది. ఆ ఎరుపు చూస్తుండగానే వెన్నులో చలి మొదలైంది. మే నెల ఎండలో చలి వేస్తే మా వైపు ఎవరూ ఆశ్చర్యపోరు. మలేరియా.

మర్నాడు మధ్యాహ్నం నేను అదే చెట్టు కింద, రెండు గోనె పట్టాలు కప్పుకుని వణుకుతూ పడుకుని ఉంటే, టీకాల పెట్టె భుజాన వేసుకుని సిస్టరమ్మ వచ్చింది. మా వైపు ఊళ్ళకు వారానికోసారి వచ్చే నర్సు, నాకంటే మూడు నాలుగేళ్ళు పెద్దదేమో. వాళ్ళ నాన్న కిరందుల్ లైనులో రైల్వే ఉద్యోగి, అసలు ఊరు సముద్రం పక్కన. నా వేలు పొడిచి, పట్టీ మీద రక్తపు చుక్క వేసి, “పావుగంట ఆగాలమ్మా, గీత వస్తాదో లేదో చూడాలి,” అంది.

“పావుగంట ఊకె కూసునుడెందుకు,” అంది పెద్దత్త. “నీకు తెలుగు చదువు వస్తది గద. ఆ కితాబు ఆఖరు ఉన్నది, జర చదువు. వీడు రెండు రోజుల సంది తిప్పుతున్నడు.”

లేచి పుస్తకం లాక్కుందామనుకున్నాను. పట్టాల్లోంచి బయటపడేలోపే సిస్టరమ్మ తెరిచింది. ఒక పేజీ చూసింది, ఇంకో పేజీ చూసింది. తిరగేస్తున్నకొద్దీ ఆవిడ కనుబొమలు పైకి పోతున్నాయి. ఒకచోట చాలాసేపు ఆగింది. అక్కడ ఏం రాశానో నాకు గుర్తే: “విశాలాక్షి ముక్కు మా పెద్దత్త ముక్కులాంటిదే, కోపానికి కుర్చీ.” ఆవిడ నా వైపు వంగి, మెల్లగా, “ఏటి బాబూ ఇది, ఇందులో పుస్తకం తక్కువ, నువ్వు ఎక్కువున్నావు,” అంది. నేను రెండు చేతులూ జోడించాను. అత్తలేమో జ్వరంలో దేవుడు కనిపిస్తున్నాడనుకున్నారు.

ఆవిడ ముక్కు జోలికి పోలేదు. చివరి అచ్చు పేజీ తీసి చదివింది. సముద్రం పక్క మనిషి కదా, ఆ గొంతులో వాన, అలలు, తలుపు చప్పుడు అన్నీ వచ్చాయి. అన్ని రోజులూ నేను చదివింది తాలిపేరు వాగేనని అప్పుడు తెలిసింది. కళ్ళు మూసుకుంటే గోనె పట్టాల కింద నీళ్ళు కదులుతున్నాయి. నేను కుట్టిన కాగితం తిప్పింది. సుతిలీ ముడి చూసి ఒక క్షణం ఆగి, మళ్ళీ అదే గొంతుతో, “తలుపు తీసింది. ఎదురుగా కామాక్షి, వానలో తడిసి. ఇద్దరూ…” అని చదివి ఊరుకుంది.

“ఊ,” అన్నారు మానుకు అటొకరు ఇటొకరు, ఒకేసారి.

“ఇక్కడితో అయిపోయిందమ్మా. దీని తర్వాత రాయలేదు.”

నా పని అయిపోయిందనుకున్నాను. ఆకు కట్టే నార పుటుక్కున తెగిన చప్పుడు వినిపించింది.

“రాసేదేముంది,” అంది పెద్దత్త చివరికి, నేల వైపు చూస్తూ. “లోపలికి రమ్మంటది.”

“పిలిస్తె గద వచ్చేది,” అంది చిన్నత్త.

“వాన్ల తడుసుకుంట నిలబడ్డదాన్ని పిలువకుంట ఉంటరానే?”

“మూడేండ్లు నిలబెట్టిన్రు గద.”

“నువ్వు తలుపు కొట్టినవా?”

“కొట్టకపోతె నువ్వు తియ్యవా?”

నేను గోనె పట్టా కింద నుంచి తల బయట పెట్టాను. ‘పెద్దత్తకు చెప్పు’, ‘చిన్నత్తకు చెప్పు’ అనేవి ఎటు పోయాయో లేవు. వాళ్ళు వాళ్ళతోనే పోట్లాడుకుంటున్నారు. మధ్యలో నేను అక్కర్లేదు. సిస్టరమ్మ పట్టీ చూడటం మరిచిపోయి వాళ్ళనే చూస్తోంది.

“పసుపు కొమ్ములు తెచ్చినవా?” అంది పెద్దత్త.

“తెచ్చిన.”

“ఏడ?”

“భద్రాచలంల.”

“పుచ్చులే పెట్టుంటరు నీకు. చూసుకోనుడు నీకెప్పుడు తెల్సు. రేపు పొద్దుగాల వచ్చి చూస్త.”

“రోకలి మా ఇంట్ల ఉన్నది గని పొన్ను ఊడింది,” అంది చిన్నత్త. “నీదే తీసుకరా అక్కా.”

ఇంక ఎవరూ ఎవరి ముఖమూ చూడలేదు. ఇద్దరూ కొంగులు కళ్ళకద్దుకుని, ఎండ ఎంతుందో అని ఎండను తిట్టారు. పట్టీ మీద రెండు గీతలు ఎప్పుడో వచ్చేశాయి. సిస్టరమ్మ నాకు మాత్రలు మింగించింది. ఆ తర్వాత, పుస్తకం ఒళ్ళో పెట్టుకుని, నా వడ్రంగి పెన్సిలు తీసుకుని ఏదో రాసినట్టు కనిపించింది. ఆవిడ వేళ్ళ మధ్య ఆ లావు పెన్సిలు పడవ తెడ్డులా ఊగింది. కానీ అప్పటికి నా చుట్టూ సముద్రం వచ్చేసి ఉంది, చెట్టు మీద చేపలు కూడా తిరుగుతున్నాయి. కాబట్టి అదీ జ్వరంలో కలేననుకున్నాను.

పసుపు దంచారు. పెద్దత్త రోకలే ముందు పడింది. పడ్డాక కొమ్ములు పుచ్చువేనని అందరికీ వినపడేలా చెప్పింది కూడా. ఇంత చేసిన పుస్తకాన్ని ఊరికే వదలకూడదని, దానికి పసుపు బొట్టు పెట్టి, ఎర్రగుడ్డలో చుట్టి, వాళ్ళింటి దేవుడి గూట్లో పెట్టేసింది. అడిగితే, “దేవుని కాడ పెట్టినంక తియ్యొద్దు,” అంది. నా మొదటి పుస్తకం అలా దేవుడిది అయిపోయింది.

వానలు మొదలవుతుండగా సిస్టరమ్మకు బదిలీ వచ్చింది. ఆఖరిసారి మా ఊరు వచ్చినప్పుడు పెట్టె పట్టీ బిగించుకుంటూ, “ఆ పుస్తకం మళ్ళీ చూశావా బాబూ?” అని అడిగింది.

“లేదు సిస్టరమ్మా, అత్త దేవుడి దగ్గర పెట్టేసింది.”

“మరి తియ్యవా?”

“తియ్యకూడదంట.”

ఆవిడ ఒకసారి నవ్వి, వాగు దాటి వెళ్ళిపోయింది. అవతలి గట్టు మీద చెట్లలో కలిసేదాకా చూస్తూ నిలబడ్డాను. ఎందుకు నిలబడ్డానో నాకే తెలియదు.

మొన్న వేసవిలో ఊరు వెళ్తే పెద్దత్త, చిన్నత్తతో పచ్చీసు ఆడుకుంటూ (పందాలెవరికి పడ్డాయని పోట్లాడుకుంటూ), “నీ కితాబు తీస్కపోరా, గూట్ల చెదలు తిరుగుతున్నయ్,” అంది. దేవుడు వద్దన్నది చెదలు సరే అన్నాయన్నమాట. సుక్మా తెచ్చుకుని, కొట్టు ముందు కూర్చుని గుడ్డ విప్పాను. పేజీ పేజీకీ ఊలు. పందొమ్మిదేళ్ళవాడు ఒకడు ఆ పేజీల పక్కనుంచి నన్ను చూసి ఎగతాళి చేస్తున్నాడు. చివరికి వచ్చాను. సుతిలీ నల్లబడింది. “ఇద్దరూ” అన్న నా మాట కింద, గుండ్రటి చేతిరాతతో, అదే పెన్సిలుతో, ఇలా ఉంది:

“ఊ. తర్వాత?”

పంచరు బండి ఒకటి వచ్చి, చూసి, వెళ్ళిపోయింది. పేజీకి పది చొప్పున పుస్తకానికి ఊ కొట్టినవాణ్ణి, నాకోసం ఒక్క ఊ ఇన్నేళ్ళుగా గూట్లో కూర్చుని ఉంటే వినలేదు.

ఇంట్లోంచి మా ఆవిడ చేట పట్టుకుని వచ్చింది. తనది గీదం ఊరు, తెలుగు మాట్లాడుతుంది గానీ అక్షరాలు రావు. నా భుజం మీదుగా చూసి, “ఏంది, అంతసేపటి సంది ఒక్కటే పేజీ. ఏం రాసున్నది?” అంది.

“తర్వాత ఏమైందని అడిగింది ఒకామె.”

“చెప్పకపోయినవా?”

“జొరమొచ్చింది.”

ఆవిడ నన్ను ఒకసారి, పుస్తకాన్ని ఒకసారి చూసింది. చేట కింద పెట్టి, టైరు మీద కూర్చుని, చీర సర్దుకుని, “ఊ,” అంది.

మొదటి నుంచి చెప్పడం మొదలుపెట్టాను. బజ్జీలు, చేపల పులుసు, అత్తలు అన్నీ ఉన్నవి ఉన్నట్టే చెప్పాను. సిస్టరమ్మ దగ్గరికి వచ్చేసరికి మాత్రం, పాత అలవాటు కదా, వయసు ఒక ముప్ఫై ఏళ్ళు పెంచి చదివాను.